మొదటి పేజీ కొన్నవాళ్ళది

కార్ఖానాలో ఆమెను అందరూ గీతలమ్మ అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీతలు గీయడమే ఆమె ఉద్యోగం. బొమ్మలు వేస్తుందనుకునేరు, ఒక్క బొమ్మా వేయలేదు. పిల్లిని వేయమంటే దిండు వేసి దానికి మీసాలు పెడుతుంది. అక్కడ తయారయ్యేవి బొమ్మలు వేసుకునే ఖాళీ పుస్తకాలు. కొత్త కాగితంతో పుస్తకాలు కుట్టినప్పుడల్లా వాటిలోంచి కొన్నిటిని ఆమె బల్ల మీద పెడతారు. ఆ కాగితం పెన్సిలుకు ఏమంటుంది, బొగ్గుకు ఏమంటుంది, సిరాను ఆపుతుందా, నీటిరంగును తట్టుకుంటుందా అని ఆమె చూసి చెప్పాలి. ఆమె బాగుందంటేనే సరుకు గుమ్మం దాటుతుంది.

అంత పెద్ద మాట చెప్పాల్సిన మనిషికి భయం ఎక్కువ. బస్సులో దిగాల్సిన చోటు ఎక్కడ దాటిపోతుందోనని ముందు స్టాపులోనే లేచి నిలబడుతుంది. ఇంటికి తాళం వేసి, వీధి చివరి దాకా వెళ్ళి, వేశానో లేదోనని మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎవరైనా "నీతో ఒక మాట చెప్పాలి" అన్నారంటే, ఆ మాటేమిటో వినకముందే ముచ్చెమటలు పోస్తాయి. ఇంటాయన సరుకుల వ్యాను నడుపుతాడు. వారంలో సగం రోజులు ఊళ్ళో ఉండడు, అతను తిరిగొచ్చేదాకా ఈమె ప్రాణం రోడ్డు మీదే ఉంటుంది. "అందరూ నీడను చూసి భయపడితే, మా ఆవిడ నీడకేమైనా అవుతుందేమోనని భయపడుతుంది" అని అతను నలుగురిలో నవ్వుతాడు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే అతనికి కోపమొస్తుందేమోనని భయం.

అసలు ఆ భయమే ఆమెకు పరీక్ష బల్ల తెచ్చిపెట్టింది. ఇప్పించింది మాత్రం కుట్టు మామ. ఆయన ఎవరికి మామో ఎవరికీ తెలియదు, కార్ఖానాలో అందరికీ మామే. పెద్ద కాగితాలను మడిచి ఫారాలు చేస్తారు, ఆ ఫారాలను ఒకదాని మీద ఒకటి పేర్చి సూదీ దారంతో పుస్తకంగా కుట్టడం ఆయన పని. గీతలమ్మ పెళ్ళయిన కొత్తలో మడత బల్ల దగ్గర చేరినప్పుడు, వేళ్ళు తెగకుండా కాగితం ఎలా మడవాలో చేయి పట్టుకుని నేర్పింది ఆయనే. తర్వాతెప్పుడో పరీక్ష బల్ల ఖాళీ అయితే యజమానికి ఈమె పేరు చెప్పిందీ ఆయనే.

"ధైర్యవంతుల్ని కూర్చోబెడితే అన్నీ బాగున్నాయంటారు సార్. ఈ పిల్లకి భయం. భయమున్నవాళ్ళే సరిగ్గా చూస్తారు" అన్నాడు.

ఆ పనిలో మొదటి పాఠం కూడా ఆయన నోటి నుంచే వచ్చింది. "మొదటి పేజీ కొన్నవాళ్ళది అమ్మాయ్. దాని మీద మన చెయ్యి పడకూడదు. చివరి పేజీ మనది. ఏం గీసినా అక్కడే గియ్యి." గీతలన్నీ చివరి పేజీ మీద గీసి, పని కాగానే ఆ కాగితాన్ని బ్లేడుతో కుట్టు దగ్గరికి కోసేస్తే, పుస్తకం మళ్ళీ కొత్తదే. గీతలమ్మ ఆ మాట జవదాటలేదు. ఇన్నేళ్ళలో ఏ పుస్తకం మొదటి పేజీనీ ఆమె వేలితో తాకిందే లేదు.

ఆ మధ్య పాత కాగితం మిల్లు మూతపడింది. యజమాని ఎక్కడెక్కడో తిరిగి కొత్త కాగితం తెచ్చాడు. అప్పుడే బొమ్మల కాలేజీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. కాలేజీలో చేరడానికి ప్రవేశ పరీక్ష పెడతారు, పరీక్ష రాసే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక ఖాళీ పుస్తకం ఇస్తారు. ఆ పుస్తకాలు వీళ్ళు కుట్టాలి. "ఇది నిలబడితే మనం నిలబడతాం. లేకపోతే తలుపులు వేసుకోవడమే" అని యజమాని అందరి ముందూ అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బాలు తెరిచారు గానీ ఎవరూ సరిగ్గా తినలేదు.

పుస్తకాలు ఆమె బల్ల మీదకు వచ్చాయి. అలవాటు ప్రకారం వెనక అట్ట తెరిచింది. పెన్సిలు బాగా నడిచింది. బొగ్గు అంటుకుంది. సిరా గీసిన చోటే నిలిచింది. నీటిరంగు తళతళలాడుతూ పైనే ఉండి నెమ్మదిగా ఆరింది. పేజీలు తిప్పుతుంటే మాత్రం, చివరి కొన్ని కాగితాలు మిగతావాటికంటే కాస్త బిరుసుగా ఉన్నట్టు వేళ్ళకు తెలిసింది. చెమ్మగాలి వల్ల అనుకుంది. నిజం చెప్పాలంటే, అలా అనుకోవాలనుకుంది. యజమాని ఆమె వెనకే ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

"బాగుంది సార్" అంది. సరుకు వెళ్ళిపోయింది.

ఆ ప్రవేశ పరీక్ష రాసేవాళ్ళలో గీతలమ్మ కూతురు కూడా ఉంది. తల్లికి రాని బొమ్మలన్నీ ఆ పిల్ల చేతికి వచ్చాయి. పిల్లిని వేస్తే పిల్లే, అది ఆకలిగా ఉందో తిని పడుకుందో కూడా తెలిసిపోతుంది. ఇంట్లో గోడలన్నీ దాని బొమ్మలే. ఆ కాలేజీ తప్ప ఇంకోటి వద్దని మొండికేసి, రెండేళ్ళుగా దానికోసమే చేతులు నల్లగా చేసుకుంటోంది.

పరీక్షకు ముందు రోజు సాయంత్రం గీతలమ్మ ఇంటికొచ్చేసరికి కూతురు ముఖం వేలాడేసుకుని కూర్చుంది. ఎదురుగా ఒక పుస్తకం. అట్ట వంకరగా అతికిన పుస్తకాలను పనివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళవచ్చు, అలా తెచ్చిందే అది. కాలేజీకి వెళ్ళిన సరుకులోదే.

"చూడమ్మా, రంగు వేస్తే ఎలా అయిపోయిందో."

మొదటి పేజీ మీద ఒక కిటికీ, కిటికీలో కుండీ. కుండీ ఎర్రరంగు కుండీలో ఆగలేదు, గోడంతా పాకింది. కాగితం ముడతలు పడి, కుంచె రెండోసారి తగిలిన చోట పొట్టు పొట్టుగా లేచింది.

"నీళ్ళు ఎక్కువ పోసుంటావు. కుంచె పిండుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను?" అని కసిరింది గీతలమ్మ. కసురుతుండగానే తన మాట తనకే తేడాగా తోచింది. కూతురు కుంచె పిండడం మరిచిపోయే పిల్ల కాదు.

"లే, నేను చూస్తాను" అంది.

చీరకొంగు బిగించి, కూతురి సామానంతా ముందుకు లాక్కుని రెండో పేజీ తెరిచింది. మెత్తటి పెన్సిలుతో గీసింది. బాగానే పడింది. గట్టి పెన్సిలుతో గీస్తే గీత కాదు, చాలు పడింది. రబ్బరుతో రుద్దితే నూగు లేచింది. బొగ్గుకడ్డీ తీసింది. బొగ్గు పట్టుకుంది గానీ దాన్ని నమ్మడానికి లేదు, అది గోడనైనా పట్టుకుంటుంది. మైనపు రంగులు పైపైన జారిపోయాయి, వాటికి లోపలేముందో అక్కర్లేదు. ఇంకు పెన్నుతో ఒక సన్నగీత గీసి, పెన్ను ఎత్తి చూసింది. గీతకు రెండు వైపులా కాళ్ళు మొలిచి పాకుతున్నాయి. స్కెచ్‌పెన్ను ఆనించి తీస్తే మూడో పేజీ మీద కూడా చుక్క కనిపించింది.

కుంచె ముంచి, బాగా పిండి, నీలిరంగు పూసింది. కాగితం దాహంతో ఉన్నదానిలా రంగును గుటుక్కున మింగేసింది. రెండోసారి కుంచె ఆనించగానే పేజీకి చిల్లు పడింది.

"అమ్మా, ఏమైంది? రేపు ఇచ్చేది ఇదే పుస్తకమా?"

 గీతలమ్మ పుస్తకం తిప్పి వెనక అట్ట తెరిచింది. అదే పెన్ను, అదే కుంచె, అదే నీలిరంగు. చివరి పేజీ మీద సిరా గీత వెంట్రుకలా నిలిచింది. రంగు మెరుస్తూ పైనే ఉండిపోయింది. అలాంటి గీతలను ఆమె కార్ఖానాలో తన చేత్తో గీసి, తన నోటితో బాగుందని చెప్పింది. పుస్తకాన్ని బల్బుకు అడ్డంగా పట్టుకుని ఒక్కో కాగితమే వదిలింది. ముందంతా సున్నం కొట్టినట్టు తెలుపు. చివరి ఫారంలోని నాలుగు కాగితాలు మాత్రం కొంచెం మీగడ రంగులో ఉన్నాయి. అది మూతపడ్డ మిల్లు కాగితం. ఆ రంగు ఆమెకు కన్నకూతురి ముఖమంత తెలుసు.

 ఇప్పుడు ఏ భయం ముందు పడాలో తెలియలేదు. కూతురి పరీక్ష, ఊరందరి పిల్లల పరీక్ష, యజమాని ముఖం, మూతపడే తలుపులు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. వాటన్నిటి వెనక ఇంకో ప్రశ్న ఉంది. చివరి ఫారం దానంతటదే వచ్చి కూర్చోదు. ఎవరో పెట్టి కుట్టాలి.

కుట్టు మామ ఉండే గది రెండు వీధుల అవతలే. కుడిచెప్పు ఎడమకాలికి వేసుకుని నడిచింది. ఆయన ఒంటరివాడు, స్టవ్ మీద టీ పెట్టుకుంటున్నాడు. ఆమె చేతిలో పుస్తకం చూడగానే స్టవ్ ఆపేశాడు. 

"ఎందుకు మామా?" అంది.

ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "మంచి కాగితంలో సూది దిగితే టక్కుమంటుంది అమ్మాయ్. ఇందులో వెన్నలో దిగినట్టు దిగింది. మొదటి పుస్తకం కుడుతున్నప్పుడే తెలిసింది నాకు."

"తెలిసీ..."

"నువ్వు బాగాలేదంటావని తెలుసు. నువ్వలా అంటే ఆర్డరు పోతుంది, తలుపులు పడతాయి. నీకు మొగుడున్నాడు, నీ కూతురుంది. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? పాత కాగితం కొంచెం మిగిలుంది, ఏ పుస్తకం నీ బల్ల మీదకొస్తుందో తెలియదు గనక అన్నిటికీ చివర పెట్టాను. నువ్వెక్కడ చూస్తావో నాకు తెలుసు కదా. నేను నేర్పిన అలవాటే కదా."

ఆయన గొంతులో దొంగతనం లేదు, భయమే ఉంది. తన భయం లాంటిదే. అందుకే ఆమెకు తిట్టడానికి నోరు రాలేదు. అందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

"ఇప్పుడేం చేద్దాం మామా?"

"ఏం చేస్తాం? నోరు మూసుకుందాం. నీ కూతురికి చెప్పు, చివరి పేజీల మీద వేసుకోమను. దానికేమీ కాదు." స్టవ్ మళ్ళీ వెలిగించబోయాడు గానీ అగ్గిపుల్ల వెలగలేదు. "మిగతావాళ్ళ సంగతి ఈ కొత్త కాగితం అమ్మినవాళ్ళు చూసుకుంటారులే."

ఆ రాత్రి గీతలమ్మకు నిద్ర లేదని వేరే చెప్పక్కర్లేదు. తెల్లారాక కూతురికి జడ వేస్తూ, జడ వేస్తున్నప్పుడైతే కళ్ళలోకి చూడక్కర్లేదు కాబట్టి, మెల్లగా చెప్పింది. "పుస్తకం వెనకనుంచి మొదలుపెట్టు. చివరి నాలుగు కాగితాల మీదే వెయ్యి. ఎవరికీ చెప్పకు."

పిల్ల వెనక్కి తిరగబోతే జడ పట్టుకుని ఆపింది. "అడగకు" అంది. పిల్ల అడగలేదు. సామాను సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పరీక్ష మధ్యాహ్నం, హాలు ఊరికి ఆ చివర.

ఇక భయం తీరాలి కదా? తీరలేదు. కార్ఖానాకు వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. కుంచె ముంచిన ప్రతిసారీ నీళ్ళగిన్నెలో ఎవరో ఒక పిల్ల ముఖం కనిపించింది. తన కూతురి పక్క బల్ల మీద కూర్చునే పిల్ల, ఎవరో ఏమిటో తెలియదు, ఇంకొక తల్లి ఈ పొద్దున జడ వేసి పంపిన పిల్ల. దాని కుండీ ఎర్రరంగు గోడంతా పాకుతుంది. నీళ్ళు ఎక్కువ పోశావని దాన్ని ఎవరో కసురుతారు. జీవితాంతం ఆ పిల్ల తన చేతిదే తప్పనుకుంటుంది.

నిన్న తను కూతుర్ని కసిరింది అలాగే కదా అనుకుంది. 

లేచి యజమాని గది దాకా వెళ్ళింది. తలుపు మీద చేయి పెట్టి, తీసేసి, వెనక్కి వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, కాళ్ళు మాత్రం కదలవు. కుట్టు బల్ల దగ్గర మామ తలెత్తకుండా కుడుతున్నాడు. ఆయన సూది మాత్రం ఆగి ఆగి నడుస్తోంది.

చివరికి ఏ ధైర్యం వచ్చి వెళ్ళిందని అడిగితే ఆమె చెప్పలేదు. ధైర్యం రాలేదు. ఒక భయం ఇంకో భయాన్ని మించిపోయింది, అంతే. ఇంటినుంచి తెచ్చిన చిల్లుపడ్డ పుస్తకం పట్టుకుని, తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది.

"సార్, కాలేజీకి ఫోన్ చెయ్యండి. ఆ కాగితం నీటిరంగుకు ఆగదు. చివరి నాలుగు కాగితాలే మంచివి. వాటి మీదే వేయమని చెప్పమనండి. తొందరగా చెయ్యండి సార్, మొదలైపోతుంది."

యజమాని ముఖం ఆమె చూపించిన పుస్తకంలోని కాగితం కంటే తెల్లబడింది. తిడతాడనుకుంది. తిట్టలేదు, ముందు ఫోన్ ఎత్తాడు. అవతలివాళ్ళకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఫోన్ పెట్టేశాక, తెరిచి ఉన్న తలుపులోంచి అందరికీ వినపడేలా అడిగాడు. "చివరి ఫారం ఎవరు మార్చారు?"

కార్ఖానాలో మిషన్లన్నీ ఆగిపోయాయి. గీతలమ్మ తలుపు వైపు తిరగలేదు. తిరిగితే తన చూపే సాక్ష్యమవుతుందని తిరగలేదు. మామ లేచి ఒక్క మాట అంటాడని ఎదురుచూసింది. కుర్చీ చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

ఏ కుర్చీ కదలలేదు.

"పరీక్ష చేసింది నేను సార్. బాగుందన్నదీ నేనే" అంది.

ఆర్డరు మళ్ళీ రాదన్నారు. తలుపులైతే మూతపడలేదు. పాత కొనుగోలుదార్లు ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. పరీక్ష బల్ల మాత్రం వేరేవాళ్ళకు ఇచ్చారు, గీతలమ్మను మళ్ళీ మడత బల్లకు పంపారు. అది కుట్టు బల్లకు పక్కనే. ఆమె మడిచిన ఫారాలు ఆయన చేతికే వెళతాయి. రోజంతా పక్కపక్కనే కూర్చుంటారు, ఆయన ఒక్క మాట మాట్లాడడు, ఆమె అడగదు. ఆ కొత్త కాగితం ఇక కొనలేదు గానీ, ఆ బల్లల మధ్య ఉన్న భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో జరిగింది కూడా చెప్పుకోవాలి. కూతురు సంచీ దించి, "హాల్లో మైకులో చెప్పారమ్మా, అందరినీ చివరి కాగితాల మీదే వేయమన్నారు" అంది. "మరి నాకొక్కదానికే ముందు ఎందుకు చెప్పావు?" అని అడిగింది.

"నా కూతురివి కాబట్టి."

"మరి తర్వాత అందరికీ ఎందుకు చెప్పావు?"

"భయమేసింది" అంది గీతలమ్మ. పిల్ల వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

పిల్లకు సీటు వచ్చింది. ఆ కబురు కార్ఖానాలో తెలిసిన వారానికి, ఒక ఆదివారం పగటిపూట కుట్టు మామ వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఒక పుస్తకం. గట్టి అట్ట, బిగువైన కుట్టు, నీలం దారం.

"పిల్లకి" అన్నాడు. 

పిల్ల చేయి చాపింది. గీతలమ్మ మధ్యలోనే అందుకుంది. ఆయన్ని కూర్చోమనలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, కూతురి కుంచె తీసుకుని నీళ్ళలో ముంచింది. ముందు అట్ట తెరిచింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని అది.

"మొదటి పేజీ పాడుచేస్తావేంటి అమ్మాయ్!" అన్నాడు మామ.

"పాడయ్యేదుంటే మొదట్లోనే పాడవనీ మామా" అంటూ ఎర్రరంగు పూసింది.

తల్లీ కూతుళ్ళు తలలు వంచి చూశారు, మామ గుమ్మంలోంచే చూశాడు. రంగు పైనే నిలిచి మెరిసింది. పాకలేదు, ఇంకలేదు. నెమ్మదిగా ఆరింది. గీతలమ్మ పేజీ తిప్పి వెనక చూసింది, తెల్లగా ఉంది. రెండో పేజీ మీద మళ్ళీ పూసింది. మూడో పేజీ తెరిచింది. ఆయన చేతులు తలుపు చెక్కను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ పుస్తకం నిండా పాత మిల్లు కాగితమే. మిగిలిన ముక్కలన్నీ ఏరి, కొలతకు కోసి కుట్టాడని ఆమెకు అర్థమైంది. అయినా ఆపలేదు.

"రేపు సార్ దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను" అన్నాడు మామ హఠాత్తుగా. అన్నాక తన మాటకు తనే బెదిరినట్టు చూశాడు.

గీతలమ్మ కుంచె పక్కన పెట్టింది. కుర్చీ లాగి ఆయన ముందు వేసింది.

"వెళ్ళు మామా. భయమేస్తే నన్ను పిలు, తలుపు దాకా నేనూ వస్తాను."